దూరపు గెలాక్సీల యూవీ స్పెక్ట్రాలు పేర్చి, బయటికి తోసుకొచ్చే గ్యాస్ స్పీడ్ కొలవడం ఎలా

రెడ్‌షిఫ్ట్ (విశ్వం విస్తరించడం వల్ల వెలుగు ఎంత సాగిందో చెప్పే అంకె) 3 దగ్గరున్న ఒక మామూలు గెలాక్సీ స్పెక్ట్రం, అంటే దాని వెలుగుని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసిన గ్రాఫ్, ఓపెన్ చేసి చూస్తే ముందు నిరాశే వస్తుంది. ఎనిమిది మీటర్ల టెలిస్కోప్‌తో గంటలు గంటలు చూసినా సరే స్క్రీన్ మీద కనపడేది గరిక మొలిచినట్టు పైకీ కిందికీ లేచే నాయిసే, మధ్యలో హైడ్రోజన్ ఇచ్చే లైమన్ ఆల్ఫా లైను ఒక్కటి తలెత్తి నిలబడితే అదృష్టం. మనకి కావాల్సినవి ఆ నాయిస్‌లో మునిగిపోయిన సన్నటి అబ్సార్ప్షన్ లైన్లు, అంటే గ్యాస్ వెలుగుని మింగేసిన గుర్తులు, అవి ఒక్క గెలాక్సీలో దొరకవు. అందుకే వందల స్పెక్ట్రాలు తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తాం, దాన్నే స్టాకింగ్ అంటారు. వంద పేరిస్తే నాయిస్ పదో వంతుకి పడిపోతుంది, నాలుగొందలు పేరిస్తే ఇరవయ్యో వంతుకి.

అయితే ఒక షరతు. వందమంది కలిసి భజన చేస్తే పాట వీధి చివరి దాకా వినపడుతుంది, కానీ అందరిదీ ఒకే శ్రుతి అయితేనే, తలా ఒక శ్రుతిలో అందుకుంటే ఎంతమంది చేరితే అంత గోల. స్టాకింగ్‌లో ఆ శ్రుతి ఏంటంటే సున్నా వేగం, అంటే గ్యాస్ సంగతి పక్కన పెట్టి గెలాక్సీ తనంతట తాను ఏ రెడ్‌షిఫ్ట్‌లో ఉందో ఆ నంబరు. కోడ్ రాయడం రెండు రోజుల పని, ఈ సున్నా కుదుర్చుకోవడమే అసలు పని, కాబట్టి కింద చెప్పేదాంట్లో సగం దాని చుట్టూనే తిరుగుతుంది.

అసలేం కొలుస్తున్నామో ఒక్కసారి చెప్పుకుందాం. కొత్తగా పుట్టిన పెద్ద నక్షత్రాల గాలులు, సూపర్‌నోవాలు కలిసి గెలాక్సీలో గ్యాస్‌ని బయటికి తోస్తాయి. మనకీ ఆ నక్షత్రాలకీ మధ్యలో ఉన్న గ్యాస్ మన వైపే వస్తుంటుంది కాబట్టి, అది నక్షత్రాల వెలుగులోంచి మింగేసిన లైన్లు ఉండాల్సిన చోటు కన్నా కాస్త నీలం వైపు జరిగి కనపడతాయి. ఎంత జరిగాయో కొలిస్తే స్పీడ్ వస్తుంది. సిలికాన్, కార్బన్, అల్యూమినియం, ఐరన్ లాంటి వాటి బలమైన లైన్లన్నీ 1200 నుంచి 2000 ఆంగ్‌స్ట్రామ్‌ల మధ్య యూవీలో ఉంటాయి, దగ్గర గెలాక్సీల్లో వీటిని చూడాలంటే అంతరిక్షంలో టెలిస్కోప్ కావాల్సిందే, ఎందుకంటే మన వాతావరణం ఆ యూవీని కిందికి రానివ్వదు. రెడ్‌షిఫ్ట్ 3 దగ్గర మాత్రం తరంగదైర్ఘ్యం నాలుగు రెట్లు సాగిపోయి లైమన్ ఆల్ఫా ఉండే 1216 కాస్తా 4863 అవుతుంది, ఒక కార్బన్ లైను ఉండే 1909 కాస్తా 7636 అవుతుంది, అంటే హాయిగా నేల మీది ఆప్టికల్ టెలిస్కోప్‌కే దొరుకుతుంది. ఆ వెలుగు బయల్దేరి దాదాపు 1150 కోట్ల ఏళ్లయింది, అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ముందు డేటా. మొదటిసారి చేసేవాళ్లకి నేను చెప్పేది వాండెల్స్ సర్వే. చిలీలోని పరనాల్‌లో వెరీ లార్జ్ టెలిస్కోప్ మీద విమోస్ అనే స్పెక్ట్రోగ్రాఫ్‌తో చేశారు, ఒక్కో గెలాక్సీ మీద 20 నుంచి 80 గంటల దాకా ఎక్స్‌పోజర్ ఉంది, చివరి రిలీజ్ 2021లో వచ్చింది, సుమారు 2,100 గెలాక్సీల స్పెక్ట్రాలు ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. ఆకాశంలో చూసింది రెండు ఫీల్డులు, ఒకటి యూడీఎస్, రెండోది చంద్రా డీప్ ఫీల్డ్ సౌత్. ఈ రెండోది ఫోర్నాక్స్ మండలంలో ఉంటుంది, డిసెంబర్ మధ్యలో రాత్రి పది ప్రాంతంలో హైదరాబాద్ నుంచి దక్షిణం వైపు సగం ఎత్తుకి తలెత్తితే మీరు చూసేది ఆ దిక్కే, కంటికి ఏమీ కనపడదు గానీ ఫైల్ దింపే ముందు ఒకసారి అటు చూడండి.

స్పెక్ట్రాలు 4800 ఆంగ్‌స్ట్రామ్‌ల నుంచి దాదాపు 10,000 దాకా ఉంటాయి, రిజల్యూషన్ (పక్కపక్క తరంగదైర్ఘ్యాల్ని ఎంత సన్నగా విడదీయగలదో చెప్పే అంకె) సుమారు 600, అంటే వేగంలో చెప్పుకుంటే సెకనుకి 500 కిలోమీటర్లు. మనం వెతికే జరుగుడు 150, 200 అయినప్పుడు 500 రిజల్యూషన్‌తో ఎలా అని అడుగుతారు. లైన్ వెడల్పు వేరు, లైన్ నడిమి చోటు వేరు, సిగ్నల్ బాగుంటే నడిమి చోటుని వెడల్పులో పదో వంతు దాకా పట్టుకోవచ్చు, స్టాకింగ్ ఇచ్చేది ఆ సిగ్నలే.

రెడ్‌షిఫ్ట్ 2.5 నుంచి 3.8 దాకా ఉన్నవి ఎంచుకోండి, ఒకటి గుర్తుంచుకోండి, 3 కన్నా తక్కువ ఉన్నవాటికి లైమన్ ఆల్ఫా 4800 కిందికి పోతుంది కాబట్టి స్టాక్‌లో ఆ చివర గెలాక్సీల సంఖ్య తగ్గుతుంది, ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎన్ని గెలాక్సీలు కలిశాయో ఒక కౌంట్ పక్కనే పెట్టుకోండి. రెడ్‌షిఫ్ట్ నమ్మకం ఫ్లాగ్ 3, 4 ఉన్నవే తీసుకోండి. 2 ఉన్నవి కూడా కలిపేస్తే సంఖ్య పెరుగుతుంది కదా అనిపిస్తుంది, కలపొద్దు, నాలుగింట ఒకటి తప్పు రెడ్‌షిఫ్ట్ అయ్యే అవకాశం ఉన్న గుంపు అది, తప్పు రెడ్‌షిఫ్ట్ ఉన్న స్పెక్ట్రం స్టాక్‌లో ఉత్త నీళ్లు కలపడమే, లైన్లన్నీ పల్చబడతాయి. కార్బన్ ఫోర్ (మూడు ఎలక్ట్రాన్లు పోయిన కార్బన్, టూ అంటే ఒకటి పోయినట్టు, త్రీ అంటే రెండు) ఎమిషన్, అంటే వెలుగు చిమ్మే లైను, వెడల్పుగా ఉన్నవి, ఎక్స్‌రేలో వెలిగేవి తీసి పక్కన పెట్టండి, అక్కడ గ్యాస్‌ని తోసేది నల్లబిలం కావచ్చు, మన ప్రశ్న నక్షత్రాల గురించి.

ఇప్పుడు సున్నా సంగతి. కేటలాగ్‌లో ఉన్న రెడ్‌షిఫ్ట్‌ని అలాగే తీసుకుని స్టాక్ చేసేయడం అందరూ చేసే మొదటి పని, మొదటి తప్పు కూడా అదే. ఆ రెడ్‌షిఫ్ట్ ఎక్కడి నుంచి వచ్చింది? టెంప్లేట్ అనే నమూనా స్పెక్ట్రంతో పోల్చి, అంటే ఎక్కువ భాగం లైమన్ ఆల్ఫా నుంచి, ఆ అబ్సార్ప్షన్ లైన్ల నుంచే. అబ్సార్ప్షన్ లైన్లు నీలం వైపు జరిగి ఉన్నాయా అని కొలవడానికి బయల్దేరి, వాటితోనే సున్నా పెట్టుకుంటే దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే, స్టాక్‌లో లైన్లన్నీ బుద్ధిగా సున్నా దగ్గరే కూర్చుంటాయి, మీరేమో అవుట్‌ఫ్లో (గ్యాస్ బయటికి పోవడం) లేదు అని రాసేస్తారు. లైమన్ ఆల్ఫాతో పెడితే దీనికి ఉల్టా అవుతుంది, అది గెలాక్సీ వెనక వైపు దూరంగా పోతున్న గ్యాస్ మీద పడి చెదిరి మన దాకా వస్తుంది కాబట్టి ఎరుపు వైపు జరిగి ఉంటుంది. 2010లో 89 గెలాక్సీలకి హెచ్ ఆల్ఫాతో (హైడ్రోజన్ ఇచ్చే ఇంకో లైను) సున్నా పెట్టి చూసిన పనిలో సగటున అబ్సార్ప్షన్ లైన్లు సెకనుకి 164 కిలోమీటర్లు నీలం వైపు, లైమన్ ఆల్ఫా 445 కిలోమీటర్లు ఎరుపు వైపు ఉన్నాయని తేలింది. రెండిటికీ మధ్య 600 పైన తేడా, దేంతో సున్నా పెట్టారన్న దాన్ని బట్టి మీ జవాబు మొత్తం మారిపోతుందన్నమాట.

సరైన సున్నా ఎక్కడ దొరుకుతుంది అంటే, నక్షత్రాల చుట్టూ ఉండే వేడి గ్యాస్ ఎమిషన్‌లో. అన్నిటికన్నా మంచిది హెచ్ ఆల్ఫా, 4960, 5008 దగ్గర ఉండే ఆక్సిజన్ జంట, కానీ ఇవి ఇన్‌ఫ్రారెడ్‌లోకి పోతాయి కాబట్టి వేరే సర్వే కావాలి, హవాయిలో కెక్ మీద మాస్‌ఫైర్‌తో చేసిన మాస్‌డెఫ్ లాంటిది, లేదా జేమ్స్ వెబ్ నిర్‌స్పెక్ డేటా. మీ గెలాక్సీలు అందులో ఉన్నాయేమో కోఆర్డినేట్స్‌తో మ్యాచ్ చేసి చూడండి, చంద్రా ఫీల్డులో వెబ్ బాగా పని చేసింది కాబట్టి కొన్నైనా దొరుకుతాయి. లేకపోతే మీ దగ్గరున్న స్పెక్ట్రంలోనే కార్బన్ త్రీ చూడండి, అది 1906.68, 1908.73 అని జంట, ఈ రిజల్యూషన్‌లో రెండూ కలిసి ఒక్క దిబ్బలా కనపడతాయి. ఆ రెండిటి మధ్య తేడా వేగంలో 320 కిలోమీటర్లు, కాబట్టి ఏదో ఒకటి అనుకుని పెట్టేయకూడదు, సాంద్రత తక్కువున్న గ్యాస్‌లో మొదటిది రెండోదానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది కాబట్టి కలిసిన దిబ్బ నడిమి చోటు 1907.5 దగ్గర పడుతుంది. కార్బన్ త్రీ బలంగా ఉన్నవే ఎంచుకుంటే ఒక చిక్కుంది, అవి తక్కువ మాస్, తక్కువ లోహాలు ఉన్న కుర్ర గెలాక్సీలు, మీ స్టాక్ అందరి సగటు కాకుండా వాటి సగటు అవుతుంది. అది దాచకుండా రాస్తే తప్పేం లేదు.

ఏదీ దొరక్కపోతే ఆ 164, 445 సవరణలు వేసి సున్నా అంచనా కట్టడం కూడా ఉంది, చాలామంది చేస్తారు, కానీ అలా చేశాక సగటు స్పీడ్ 160 వచ్చింది అని సంబరపడొద్దు, అది మీరు లోపల పెట్టిందే బయటికొచ్చింది. ఆ దారిలో వెళ్తే గుంపుకీ గుంపుకీ మధ్య తేడాలు చూడొచ్చు, అదీ జాగ్రత్తగానే.

దీని తర్వాత ఇంకో గొయ్యి ఉంది, దీంట్లో నేను పడ్డాను కాబట్టి గట్టిగా చెప్తున్నా. గాలి తరంగదైర్ఘ్యం, వాక్యూమ్ తరంగదైర్ఘ్యం. ఆప్టికల్ స్పెక్ట్రోగ్రాఫ్ పైప్‌లైన్లు చాలావరకు గాలిలో తరంగదైర్ఘ్యం ఇస్తాయి, యూవీ లైన్ల లిస్టులేమో వాక్యూమ్‌లో ఉంటాయి. రెండిటి మధ్య తేడా 6000 దగ్గర 1.66 ఆంగ్‌స్ట్రామ్‌లు, చూడ్డానికి ఏమీ కాదు, వేగంలోకి మారిస్తే సెకనుకి 83 కిలోమీటర్లు! పైగా అది పడేది నీలం వైపే. ఇన్‌ఫ్రారెడ్ నుంచి సరైన రెడ్‌షిఫ్ట్ తెచ్చుకుని, ఆప్టికల్ స్పెక్ట్రంని మార్చకుండా పెడితే, అసలు గ్యాస్ కదలకపోయినా 83 కిలోమీటర్ల అవుట్‌ఫ్లో మీ స్టాక్‌లో పుట్టుకొస్తుంది. నేను మూడు వారాలు ఆ అంకెని నిజమనుకుని దాని చుట్టూ ఆలోచనలు అల్లుకున్నాను, తర్వాత నక్షత్రాల లైన్లు కూడా అంతే జరిగి ఉన్నాయని చూశాక గానీ తెలీలేదు. ఫైల్ హెడర్ చదవండి, అక్కడ స్పష్టంగా లేకపోతే డేటాతో వచ్చే డాక్యుమెంట్ చదవండి, గాలి అని ఉంటే ముందుగా, ఇంకేం చేయకముందే, వాక్యూమ్‌లోకి మార్చేయండి. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే వేగం సవరణ కూడా చేశారో లేదో చూడండి, అది గరిష్ఠంగా 30 కిలోమీటర్లు.

ఇక్కడి నుంచి పని త్వరగా సాగుతుంది. ప్రతి స్పెక్ట్రంలో తరంగదైర్ఘ్యాన్ని ఒకటి ప్లస్ రెడ్‌షిఫ్ట్‌తో భాగించండి, అందరికీ ఒకే గ్రిడ్ పెట్టుకోండి, విమోస్ పిక్సెల్ సుమారు 2.5 ఆంగ్‌స్ట్రామ్‌లు కాబట్టి రెడ్‌షిఫ్ట్ 3 దగ్గర గ్రిడ్ అడుగు 0.6 సరిపోతుంది, అంతకన్నా సన్నగా పెడితే కొత్త సమాచారమేమీ రాదు, పక్క పక్క పిక్సెళ్ల నాయిస్ ఒకదానికొకటి అంటుకుంటుంది అంతే. రీసాంపుల్ చేసేటప్పుడు మామూలు ఇంటర్‌పోలేషన్ కాకుండా ఫ్లక్స్ పోకుండా చూసే పద్ధతి వాడండి, పైథాన్‌లో స్పెక్ట్‌రెస్ అనే చిన్న ప్యాకేజీ ఉంది, ఎర్రర్‌ని కూడా అదే మోస్తుంది.

రీసాంపుల్‌కి ముందే మాస్క్ చేయాల్సినవి చేసేయండి. ఆకాశం లైన్లు 5577, 6300, 6364 దగ్గర, వాతావరణం ఆక్సిజన్ మింగేసే 6870, 7600 పట్టీలు. ఇవి పరిశీలించిన తరంగదైర్ఘ్యంలో కదలకుండా ఉంటాయి, రెస్ట్‌ఫ్రేమ్‌లోకి, అంటే రెడ్‌షిఫ్ట్ తీసేసిన తరంగదైర్ఘ్యంలోకి తెచ్చాక ఒక్కో గెలాక్సీకి ఒక్కో చోట పడతాయి, అందుకే స్టాక్‌లో అవే కొట్టుకుపోతాయి అంటారు, మీ గెలాక్సీల రెడ్‌షిఫ్ట్‌లు బాగా విస్తరించి ఉంటే అది నిజమే, కానీ ఇలాంటి ఫీల్డుల్లో గుంపులు గుంపులుగా ఒకే రెడ్‌షిఫ్ట్‌లో ఉండేవి ఉంటాయి, అప్పుడు ఆకాశం లైను కూడా గుంపుగానే వచ్చి కూర్చుంటుంది.

తర్వాత నార్మలైజ్. దేన్నైనా దాని సొంత కంటిన్యుయంతో (లైన్లు పక్కన పెడితే మిగిలే నిలకడ వెలుగు) భాగించకపోతే వెలుగెక్కువ గెలాక్సీ ఒక్కటే స్టాక్‌ని ఏలేస్తుంది. 1450 నుంచి 1500 దాకా పెద్ద లైన్లేమీ లేని చోటు, అక్కడి మీడియన్ ఫ్లక్స్‌తో భాగించండి. ప్రతి స్పెక్ట్రానికీ విడిగా కంటిన్యుయం గీత గీసి భాగించే పద్ధతి కూడా ఉంది గానీ నాయిస్ ఎక్కువున్న వాటి మీద గీత గీయడం నమ్మకం కాదు, స్టాక్ అయ్యాక ఒక్కసారి గీయడమే నాకు నచ్చుతుంది.

కలపడానికి మీడియనా, సగటా? నా మాట మీడియన్, లేదా సగటుకి మరీ దూరంగా, మూడు సిగ్మా దాటినవి కోసేసి సగటు. ఎర్రర్‌ని బట్టి వెయిట్ ఇస్తే నాయిస్ ఇంకా తగ్గుతుంది, కానీ వెయిట్ అంతా వెలుగెక్కువ గెలాక్సీలకే పోయి, నాలుగొందల స్టాక్ అని పేరు పెట్టుకున్నది నిజానికి ఒక నలభైది అవుతుంది. రెండు రకాలూ చేసి పక్కపక్కన పెట్టి చూడండి, లైన్ చోటు మారితే కొన్ని గెలాక్సీలే లాగుతున్నాయని అర్థం, వాటిని వెతికి పట్టుకోండి.

ఎర్రర్‌కి బూట్‌స్ట్రాప్ ఒక్కటే సరైనది. మీ లిస్టులోంచి అంతే సంఖ్యలో గెలాక్సీల్ని మళ్లీ మళ్లీ వచ్చినా పర్లేదన్నట్టు చీటీలు తీసినట్టు తీసి, స్టాక్ చేసి, లైన్ కొలిచి, ఇదంతా ఒక 500 సార్లు తిప్పండి, వచ్చిన 500 స్పీడ్‌ల విస్తరణే మీ ఎర్రర్. పిక్సెల్ నాయిస్ ఒక్కటే కాకుండా గెలాక్సీకీ గెలాక్సీకీ ఉండే తేడా కూడా ఇందులోకి వచ్చేస్తుంది. ల్యాప్‌టాప్ మీద నంపైలో నిమిషాల పని.

ఇక కొలత. ఏ లైను అన్నది చాలా ముఖ్యం, పేపర్లలో పెద్దగా కనపడే లైన్లన్నీ శుభ్రమైనవి కావు. సిలికాన్ టూ 1260.42 పక్కనే సల్ఫర్ టూ 1259.52 ఉంది, అదీ నీలం వైపే, తేడా 214 కిలోమీటర్లు, కాబట్టి దొంగ అవుట్‌ఫ్లో కాస్త కలుస్తుంది. కార్బన్ టూ 1334.53 పక్కన దాని సొంత తమ్ముడు 1335.71 ఎరుపు వైపు లాగుతాడు. ఆక్సిజన్ వన్ 1302, సిలికాన్ టూ 1304 ఈ రిజల్యూషన్‌లో విడదీయలేం. కార్బన్ ఫోర్ 1548, 1550 జంటలో నక్షత్రాల సొంత గాలి వెడల్పుగా కలిసిపోయి ఉంటుంది, నక్షత్రాల మోడల్ తీసేయకుండా దాన్ని ముట్టుకోవద్దు. నేను నమ్మేవి సిలికాన్ టూ 1526.71, అల్యూమినియం టూ 1670.79. రెండూ ఒకే మాట చెప్తే నమ్మండి.

లెక్క చాలా సులువు, లైన్ నడిమి చోటులోంచి అసలు చోటు తీసేసి, అసలు చోటుతో భాగించి, 2,99,792తో గుణించడమే. సిలికాన్ టూ నడిమి చోటు మీకు 1525.87 వచ్చిందనుకోండి, తేడా మైనస్ 0.84, స్పీడ్ మైనస్ 165. ఆ మైనస్ అంటే మన వైపు. అయితే ఇది బయటికెళ్లే గ్యాస్ అసలు స్పీడ్ కాదు, ఈ లైన్‌లో గెలాక్సీలోనే కదలకుండా ఉన్న గ్యాస్ కూడా సున్నా దగ్గర కలిసి ఉంటుంది, అది నడిమి చోటుని సున్నా వైపు లాగుతుంది, కాబట్టి బయటికెళ్లే గ్యాస్ నిజానికి ఇంకా వేగంగా పోతోంది. సెకనుకి 500 కిలోమీటర్ల రిజల్యూషన్‌లో ఆ రెండు భాగాల్నీ విడగొట్టి ఫిట్ చేయడం కుదరదు, సాఫ్ట్‌వేర్ అంకె ఇస్తుంది కానీ దానికి అర్థం ఉండదు.

లోతు గురించి కూడా ఒక మాట. సిలికాన్ టూ 1260, 1526 రెండూ ఒకే అయాన్ లైన్లు, గ్యాస్ పల్చగా ఉంటే మొదటిది రెండోదానికి ఐదారు రెట్లు బలంగా ఉండాలి. స్టాక్‌లో చూస్తే రెండూ దాదాపు సమానంగా ఉంటాయి. అంటే లైన్ నిండిపోయింది, ఎంత గ్యాస్ ఉందో దీంతో చెప్పలేం, నక్షత్రాల ముందు ఎంత భాగం గ్యాస్ కప్పిందో మాత్రమే చెప్పగలం, అదీ కనీసం ఇంత అని, ఎందుకంటే రిజల్యూషన్, రెడ్‌షిఫ్ట్ తప్పులు కలిసి లైన్‌ని వెడల్పు చేసి లోతు తగ్గిస్తాయి. అందుకే ఏడాదికి ఇన్ని సూర్యుళ్లంత గ్యాస్ బయటికి పోతోంది అనే అంకె ఈ స్టాక్ ఒక్కదాని నుంచి తీయొద్దు. ఎంత గ్యాస్ ఉందో, అది గెలాక్సీకి ఎంత దూరంలో ఉందో, రెండూ మన చేతిలో లేవు.

సున్నా సరిగ్గా ఉందో లేదో స్టాక్ లోపలే పరీక్ష ఉంది, అదే నన్ను కాపాడింది. నక్షత్రాల ఉపరితలం నుంచి వచ్చే లైన్లు, సల్ఫర్ ఫైవ్ 1501.76, స్టాక్‌లో ఆ చివర దాకా సరిపడా గెలాక్సీలుంటే కార్బన్ త్రీ 1176 కూడా, గ్యాస్ ఎటు పోయినా ఇవి నక్షత్రాలతోనే ఉంటాయి కాబట్టి సున్నా దగ్గరే ఉండాలి. బలహీనమైన లైన్లు, రెండు మూడొందల గెలాక్సీలైతే గానీ కనపడవు, కనపడ్డాక మాత్రం వాటి చోటు మీ ఎర్రర్ లోపల సున్నా రాకపోతే వెనక్కి వెళ్లి గాలి, వాక్యూమ్ నుంచి మొదలుపెట్టి అన్నీ చూసుకోండి. ఇంకో పరీక్ష, కంప్యూటర్‌లో ఉత్త కంటిన్యుయం మీద మైనస్ 200 దగ్గర లైన్ పెట్టి మీ అసలు గెలాక్సీల సంఖ్యలో నకిలీ స్పెక్ట్రాలు చేయండి, వాటికి మీ డేటా నాయిసే కలిపి, రెడ్‌షిఫ్ట్‌కి 150 కిలోమీటర్ల తప్పు కూడా కలిపి, అదే కోడ్‌లో నడిపి 200 తిరిగొస్తుందో లేదో చూడండి. నడిమి చోటు తిరిగొస్తుంది, లోతు తగ్గుతుంది, ఎంత తగ్గిందో రాసి పెట్టుకోండి, అసలు డేటాకి ఆ సవరణ కావాలి.

అన్నీ కుదిరాక గుంపులుగా విడగొట్టండి, మాస్‌ని బట్టో, నక్షత్రాలు పుట్టే రేటుని బట్టో, ఒక్కో గుంపులో వంద కన్నా తక్కువ కాకుండా. మొదట మాత్రం లైమన్ ఆల్ఫా బలాన్ని బట్టి నాలుగు గుంపులు చేయండి, ఇది 2003లో కెక్ టెలిస్కోప్ తీసిన 811 గెలాక్సీలతో చేసి చూపించిన పని, రెడ్‌షిఫ్ట్ 3 దగ్గరే. వాళ్లకి కనపడింది ఏంటంటే లైమన్ ఆల్ఫా ఎమిషన్ పెరిగే కొద్దీ సిలికాన్ టూ, కార్బన్ టూ లాంటి తక్కువ అయనీకరణం లైన్లు బలహీనపడతాయి, సిలికాన్ ఫోర్, కార్బన్ ఫోర్ మాత్రం అంతగా మారవు. మీ నాలుగు స్టాక్‌లు ఒకే గ్రాఫ్‌లో గీసి 1260 నుంచి 1550 దాకా పక్కపక్కన చూడండి. సిలికాన్ టూ మెట్లు మెట్లుగా లోతు తగ్గుతూ, 1394 దగ్గర సిలికాన్ ఫోర్ నాలుగింట్లోనూ దాదాపు ఒకేలా కనపడితే మీ కోడ్ పని చేస్తోంది, మాస్ గుంపులకి వెళ్లొచ్చు.